అయిదున్నర శతాబ్దాలు ఆలస్యంగా వచ్చిన సాక్ష్యం: ఖలీఫా ఉమర్, అలెగ్జాండ్రియా గ్రంథాలయం

గత భాగంలో అరబ్బు సేనలు ఈజిప్టులో అడుగుపెట్టిన నాటి నుంచి అలెగ్జాండ్రియా ఒప్పందం దాకా చూశాం. క్రీ.శ. 641 నవంబరులో కుదిరిన ఆ ఒప్పందం పదకొండు నెలల గడువు ఇచ్చింది. గడువు తీరే వేళకు, 642 సెప్టెంబరులో, సేనాపతి అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ నగరంలో ప్రవేశించాడు. ఆ తర్వాత జరిగిందని ప్రపంచమంతా చెప్పుకునే సంఘటన ఒకటి ఉంది. యహ్యా అనే వ్యాకరణ పండితుడు అమ్ర్‌తో చనువు పెంచుకుని, రాజుల భాండాగారంలో పడి ఉన్న తత్వశాస్త్ర గ్రంథాలు మీకు ఎలాగూ పనికిరావు, మాకు ఇప్పించమని అడిగాడట. ఖలీఫా అనుమతి లేనిదే ఇవ్వలేనంటూ అమ్ర్ మదీనాకు లేఖ రాశాడట. ఆ పుస్తకాల్లో ఉన్నది దైవగ్రంథంతో సరిపోతే వాటి అవసరం లేదు, సరిపోకపోతే అవి ఉండనే కూడదు, ఎలా చూసినా నాశనం చేయమని ఖలీఫా ఉమర్ జవాబిచ్చారట. పుస్తకాలన్నీ నగరంలోని స్నానశాలలకు పంచిపెడితే, నీళ్లు కాచే పొయ్యిల్లో ఆరు నెలల పాటు మండాయట.

ఈ కథను కొందరు ఇస్లాం మీద నేరారోపణగా వాడతారు. మరికొందరు అపనింద అని కొట్టిపారేస్తారు. ఇద్దరూ మొదటే తీర్పు చెప్పుకుని తర్వాత ఆధారాల కోసం వెతుకుతారు. చరిత్ర రాసేవాడు అడగవలసిన ప్రశ్న అంతకంటే ముందు ఉంది. ఈ మాట మొదట చెప్పిన మనిషి ఎవరు? అతనికి ఎలా తెలిసింది? ఆ ప్రశ్నను ఓపికగా పట్టుకుని వెనక్కి నడిస్తే ఈ కథ నిలబడదని నా నిర్ణయం. ఎందుకు నిలబడదో ఈ భాగంలో చూపిస్తాను. దీన్ని తేల్చడానికి వాడిన కొలతతోనే ఉమర్‌ను మెచ్చుకునే కథలనూ కొలవాలన్నది నా వాదంలో రెండో సగం.

తొలి ఇస్లాం చరిత్రకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ప్రవక్త ముహమ్మద్ 632లో మరణించారు. ఆయన జీవితచరిత్రను విపులంగా కూర్చిన ఇబ్న్ ఇస్‌హాక్ 767 ప్రాంతంలో చనిపోయాడు. ఆ గ్రంథం మనకు ప్రధానంగా దొరుకుతున్నది 833 ప్రాంతంలో చనిపోయిన ఇబ్న్ హిషామ్ సంస్కరించిన రూపంలో. అంటే సంఘటనకూ మన చేతికందే పుస్తకానికీ మధ్య నూరు నుంచి రెండు వందల ఏళ్ల నోటిమాట, శిష్యులు రాసుకున్న కాగితాలు, ఇప్పుడు దొరకని పుస్తకాలు ఉన్నాయి. ఆ మధ్యకాలంలోనే అంతర్యుద్ధాలు జరిగాయి, పాలకవంశాలు మారాయి, మతశాఖలు ఏర్పడ్డాయి. ప్రతి పక్షమూ తన మాటకు బలం కోసం ప్రవక్త పేరో తొలి ఖలీఫాల పేరో వాడుకోజూసింది. ఈ ప్రమాదాన్ని అందరికంటే ముందు గుర్తించింది ముస్లిం పండితులే. ఈ మాట నాకు ఫలానా మనిషి చెప్పాడు, అతనికి ఫలానా మనిషి చెప్పాడు అంటూ కళ్లారా చూసినవాడి దాకా వెళ్లే ఉల్లేఖకుల గొలుసును వాళ్లు ఇస్నాద్ అన్నారు. ఆ గొలుసులోని ప్రతి ఉల్లేఖకుడూ ఎప్పుడు పుట్టాడు, ఏ ఊళ్లు తిరిగాడు, ఎవరి దగ్గర విన్నాడు, జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఎప్పుడు పోయాడు అన్న వివరాలతో పెద్ద పెద్ద నిఘంటువులు తయారుచేశారు. గురువు చనిపోయాక పుట్టిన శిష్యుడు ఆయన నోట విన్నానంటే, ఆ ఒక్క తేదీతో ఉల్లేఖనం కూలిపోయేది.

ఈ పద్ధతి ఎంత పదునైనదో 11వ శతాబ్దపు బాగ్దాదులో జరిగిన ఒక ఉదంతం చూపుతుంది. ఖైబర్ యూదులకు జిజియా పన్ను మినహాయిస్తూ ప్రవక్తే ఇచ్చినట్టుగా ఒక పత్రం ఖలీఫా మంత్రి ముందుకు వచ్చింది. దాని మీద ప్రవక్త సహచరుల సాక్షి సంతకాలు కూడా ఉన్నాయి. మంత్రి దాన్ని చరిత్రకారుడు, హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాల) పండితుడు అయిన అల్ ఖతీబ్ అల్ బాగ్దాదీకి (1002–1071) చూపించాడు. ఆయన చూసి ఇది దొంగ పత్రమని తేల్చాడు. సాక్షుల్లో ఒకడైన ముఆవియా ఇస్లాం స్వీకరించింది మక్కా విజయం నాడు, అంటే హిజ్రీ 8లో. పత్రం ఏ విజయం నాటిదని చెప్పుకుంటుందో ఆ ఖైబర్ విజయం హిజ్రీ 7లోనే జరిగింది. మరో సాక్షి సఅద్ ఇబ్న్ ముఆజ్ కందకపు యుద్ధంలో తగిలిన గాయంతో హిజ్రీ 5లోనే కన్నుమూశాడు. అప్పటికి ముస్లిం కానివాడు, అప్పటికే చనిపోయినవాడు కలిసి సంతకం చేసిన పత్రం అసలైనది కాజాలదు. ఖతీబ్ ఇందులో ఎవరి మతాన్నీ నిందించలేదు, ఎవరి ఉద్దేశాలనూ ఊహించలేదు. రెండు తేదీలు చూపాడు, అంతే. మన కథకు కూడా ఇలాంటి తేదీల పరీక్షే ముఖ్యం కాబోతోంది.

అయితే ఇస్నాద్ ఒక్కటే చాలదన్న విమర్శ కూడా బలమైనదే. కథను కల్పించగలిగినవాడు దానికి గొలుసునూ కల్పించగలడు. 1890లో ఇగ్నాజ్ గోల్డ్‌జిహర్, 1950లో జోసఫ్ షాఖ్ట్ అనే పాశ్చాత్య పరిశోధకులు ఇదే వాదించారు. కాలం గడిచేకొద్దీ గొలుసులు వెనక్కి పెరిగి ప్రవక్త దాకా చేరాయని షాఖ్ట్ అన్నాడు. తర్వాతి తరంలో హరాల్డ్ మోట్స్‌కీ వంటివారు అంత సందేహం అక్కర్లేదని, ఒకే ఉల్లేఖనం ఎన్ని దారుల్లో వచ్చిందో, ప్రతి దారిలో మాటలు ఎలా మారాయో పోల్చి చూస్తే కొన్నింటి వయసు చాలా వెనక్కి తీసుకెళ్లవచ్చని చూపారు. ఈ పాత కొత్త పరిశోధకుల పనిలోంచి సాధారణ పాఠకుడు కూడా వాడగలిగిన ప్రశ్నలు అయిదు తీసుకుంటున్నాను. కథనం మొదట ఎప్పుడు కనిపించింది? అక్కడికి ఏ దారిలో వచ్చింది? అందులోని మనుషులు, అంకెలు ఆ కాలానికి సరిపోతాయా? తెలిసి ఉండవలసినవాళ్లు, చెప్పడానికి కారణం ఉన్నవాళ్లు ఏమన్నారు? ఇదే కథ ఇంకో ఊరి పేరుతో ఇంకెక్కడైనా తిరుగుతోందా?

మొదటి ప్రశ్నకు జవాబే ఆశ్చర్యం కలిగిస్తుంది. 642లో జరిగిందంటున్న సంఘటన, మనకు దొరికే పుస్తకాల్లో మొదట కనిపించేది 13వ శతాబ్దం ఆరంభంలో. బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఈజిప్టులో తాను చూసిన వింతల గురించి 1204 ప్రాంతంలో ఒక పుస్తకం రాశాడు. అలెగ్జాండ్రియాలో ఇప్పటికీ నిలిచి ఉన్న పెద్ద రాతిస్తంభాన్ని వర్ణిస్తూ, ఉమర్ అనుమతితో అమ్ర్ తగలబెట్టిన గ్రంథాలయం ఇక్కడే ఉండేదని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగాడు. ఎవరు చెప్పారో, ఏ పుస్తకంలో చదివాడో రాయలేదు. దాన్ని ఆనుకునే, అరిస్టాటిల్ పాఠాలు చెప్పిన మండపం కూడా ఇదేనని తన నమ్మకం అన్నాడు. అరిస్టాటిల్ అలెగ్జాండ్రియాలో పాఠం చెప్పిన దాఖలా ఎక్కడా లేదు. ఆయన బడి ఏథెన్స్‌లో ఉండేది. అబ్దుల్ లతీఫ్ కంటితో చూసినదాన్ని ఎంతో జాగ్రత్తగా రాసే మనిషి. ఇక్కడ మాత్రం శిథిలాల దగ్గర స్థానికులు చెప్పుకునే మాటలను అలాగే అందుకున్నట్టు కనిపిస్తుంది.

పూర్తి కథ, అంటే యహ్యా విన్నపం, ఉమర్ జవాబు, స్నానశాలలు, ఆరు నెలలు అన్నీ కలిపి కనిపించేది ఇబ్న్ అల్ ఖిఫ్తీ (1172–1248) రాసిన తత్వవేత్తల జీవితచరిత్రల్లో. ఈయన ఎగువ ఈజిప్టులో పుట్టి అలెప్పోలో మంత్రి అయినవాడు, పుస్తకాలంటే ప్రాణమిచ్చేవాడు. ఇక్కడా గొలుసు లేదు. ఆ తరువాతివాడు సిరియా క్రైస్తవ మతాచార్యుడు బార్ హెబ్రేయస్ (1226–1286). అరబ్బీలో రాసిన తన సంక్షిప్త చరిత్రలో ఇదే కథను దాదాపు అవే మాటల్లో క్లుప్తంగా చెప్పాడు. 1663లో ఎడ్వర్డ్ పొకాక్ ఆ పుస్తకాన్ని లాటిన్ అనువాదంతో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చువేశాడు. యూరప్‌లో ఈ కథ ఇంటింటి మాట అయింది ఆ అచ్చుతోనే. పైకి చూస్తే ముగ్గురు సాక్షులు ఉన్నట్టుంది. కానీ బార్ హెబ్రేయస్ మాటలు ఖిఫ్తీ మాటలకు నకలు కాబట్టి అతన్ని వేరే సాక్షిగా లెక్కించలేం. మిగిలేది ఆధారం చెప్పని ఒక వాక్యం, ఆధారం చెప్పని ఒక కథ. రెండూ సంఘటనకు అయిదున్నర శతాబ్దాల తర్వాతివి. హదీసు పండితుల కొలతలో ఇలాంటి కథనానికి ఒక చిన్న ధర్మసందేహం తీర్చే బలం కూడా ఉండదు.

ఇప్పుడు కథలోని మనుషుల దగ్గరికి వద్దాం. యహ్యా అంటే గ్రీకు పండితుడు జాన్ ఫిలోపోనస్. అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానాలు రాసి, ప్రపంచానికి ఆది లేదన్న వాదాన్ని ఖండించి పేరు పొందినవాడు. భౌతికశాస్త్ర వ్యాఖ్యానంలో తాను రాస్తున్న సంవత్సరాన్ని అతనే చెప్పుకున్నాడు. ఈజిప్టులో వాడే డయోక్లెటియన్ శకం ప్రకారం అది 233, అంటే క్రీ.శ. 517. ప్రోక్లస్ మీద ఖండన గ్రంథం 529 నాటిది. 517లో అంత పెద్ద వ్యాఖ్యానం రాసిన మనిషి 642లో అమ్ర్ ఎదుట నిలబడాలంటే వయసు సుమారు నూట యాభై ఏళ్లు ఉండాలి. అల్ ఖతీబ్ ఎదుటికి వచ్చిన పత్రంలో చనిపోయిన సాక్షి సంతకం చేసినట్టే, ఇక్కడ ఎప్పుడో పోయిన పండితుడు విన్నపం చేస్తున్నాడు.

ఈ పొరపాటు ఎలా పుట్టిందో కూడా కనిపెట్టవచ్చు. బాగ్దాదు పుస్తకవ్యాపారి ఇబ్న్ అల్ నదీమ్ 987లో అరబ్బీ గ్రంథాలన్నింటికీ ఒక మహాసూచిక కూర్చాడు. అందులో యహ్యా గురించి రాస్తూ, భౌతికశాస్త్ర వ్యాఖ్యానంలోని ఆ తేదీని డయోక్లెటియన్ శకం 343 అని ఇచ్చాడు. 233 ఎక్కడో ఒక ప్రతిలో 343గా మారింది. ఆ లెక్కన అది క్రీ.శ. 627 అవుతుంది. అప్పటికి పుస్తకం రాస్తున్నవాడు పదిహేనేళ్ల తర్వాత అమ్ర్‌ను కలిసి ఉండటం సహజమే అనిపిస్తుంది. ఇబ్న్ అల్ నదీమ్ కూడా అలాగే, అమ్ర్ ఈజిప్టును గెలిచినప్పుడు యహ్యా బతికే ఉన్నాడని, అమ్ర్ అతన్ని ఆదరించాడని రాశాడు. అదే సూచికలో మరోచోట, ఈజిప్టు రాజు టాలమీ ఫిలడెల్ఫస్ అలెగ్జాండ్రియాలో 54,120 పుస్తకాలు సేకరింపజేశాడని ఒక సన్యాసి చెప్పిన మాట ఉంది. అంటే 987 నాటికి కథకు కావలసిన రెండు దినుసులూ ఉన్నాయి. యహ్యా, అమ్ర్‌ల పరిచయం ఒకచోట, టాలమీ గ్రంథాలయం ఇంకోచోట. రెండింటికీ ముడి మాత్రం పడలేదు, మంట మాట అసలే లేదు. జీవితమంతా పుస్తకాల వేటలో గడిపిన ఇబ్న్ అల్ నదీమ్‌కు ప్రపంచంలోకెల్లా పెద్ద గ్రంథదహనం సంగతి తెలిసి ఉంటే ఈ రెండు చోట్లలో ఒక్కచోటైనా చెప్పకుండా ఉండేవాడు కాదు. 13వ శతాబ్దంలో ఖిఫ్తీ పుస్తకంలోకి వచ్చేసరికి అవే దినుసులు, అదే 54,120 అంకె, ఒకే కథలో కలిసిపోయి ఉన్నాయి.

అంకెల సంగతి మరీ స్పష్టం. నేటి పుస్తకాల్లో ఈ కథ నాలుగు వేల స్నానశాలలతో కనిపిస్తుంది. ఖిఫ్తీ ఆ అంకె ఇవ్వలేదు. స్నానశాలల సంఖ్య విన్నానని, మరిచిపోయానని మాత్రమే అన్నాడు. నాలుగు వేలు అన్నది వేరే చోటి నుంచి వచ్చింది. ఈజిప్టు విజయం మీద మనకు దొరికే పాత అరబ్బీ చరిత్ర రాసిన ఇబ్న్ అబ్దుల్ హకమ్ (మరణం 871), అమ్ర్ ఉమర్‌కు పంపినట్టు ఒక లేఖను ఉదహరించాడు. నాలుగు వేల భవనాలు, నాలుగు వేల స్నానశాలలు, నలభై వేల మంది యూదులు ఉన్న నగరం చేజిక్కిందని అందులో ఉంది. నగర వైభవాన్ని పొగిడే ఆ గుండ్రటి అంకెను తర్వాతివాళ్లు తెచ్చి ఈ కథకు అతికించారు. ఇప్పుడు లెక్క వేసి చూడండి. 54,120 పుస్తకాలను నాలుగు వేల చోట్లకు పంచితే ఒక్కో స్నానశాలకు పదమూడు, పద్నాలుగు వస్తాయి. ఆరు నెలలు మండాలంటే పదమూడు రోజులకు ఒక పుస్తకంతో నీళ్లు కాగాలి. పాతకాలపు రచయితలు చెప్పిన అతి పెద్ద అంకె ఏడు లక్షలు తీసుకున్నా రోజుకు ఒక పుస్తకం కూడా రాదు. ఈ లెక్క ఖిఫ్తీ చెప్పిన రూపాన్ని పడగొట్టదని ఒప్పుకోవాలి. అయితే లోకంలో తిరుగుతున్న రూపం ఎన్ని చేతులు మారి, ఎన్ని అతుకులు వేసుకుని వచ్చిందో ఇది చూపుతుంది.

మరి 642లో తగలబెట్టడానికి ఆ మహాగ్రంథాలయం ఉందా? క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ రేవులో పెట్టిన మంట పుస్తకాలకు అంటుకుందని ప్లూటార్క్, డియో కాసియస్ రాశారు. ఎంత పోయిందన్న దాని మీద వాళ్ల మాటలు కలవవు. క్రీ.శ. 272 ప్రాంతంలో ఔరేలియన్ చక్రవర్తి కాలంలో జరిగిన పోరులో రాజభవనాలున్న పేట నాశనమైంది. గ్రంథాలయం ఉన్నది ఆ పేటలోనే. దానికి అనుబంధంగా పుస్తకాలు ఉంచిన సెరాపిస్ దేవాలయాన్ని 391లో మతాధిపతి థియోఫిలస్ నాయకత్వాన క్రైస్తవులు కూల్చివేశారు. అబ్దుల్ లతీఫ్ చూపించిన రాతిస్తంభం నిలిచి ఉన్నది సరిగ్గా ఆ దేవాలయపు నేల మీదే. ఆ తర్వాత పాతికేళ్లకు ఒరోసియస్ అనే క్రైస్తవ చరిత్రకారుడు, దేవాలయాల్లో ఖాళీ అయిన పుస్తకాల అరలను తాను చూశానని, వాటిని ఖాళీ చేసింది తమవాళ్లేనని ఒప్పుకున్నాడు. 7వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండ్రియాలో గడిపిన జాన్ మోస్కస్ అనే సన్యాసి, కాస్మాస్ అనే విద్వాంసుడి ఇంట్లో నగరంలో మరెవరి దగ్గరా లేనన్ని పుస్తకాలు ఉన్నాయని, అడిగినవారికల్లా ఇచ్చేవాడని మెచ్చుకున్నాడు. పెద్ద గ్రంథాలయం అప్పటికి నడుస్తుంటే ఒక పండితుడి సొంత పుస్తకాల గురించి అంతగా చెప్పుకోవలసిన పని లేదు. నగరంలో పుస్తకాలే లేవని నేను అనడం లేదు. వైద్యం, తత్వం బోధించే గురువులు ఉన్నారు, వాళ్ల దగ్గర పుస్తకాలు ఉన్నాయి. కానీ టాలమీ రాజుల నాటి భాండాగారం మాత్రం అప్పటికి శతాబ్దాల క్రితమే అంతరించింది. పైగా ఒప్పందం ఇచ్చిన పదకొండు నెలల్లో రోమన్లు సముద్రం మీదుగా తమ సొత్తు తీసుకుపోవచ్చు. విలువైన పుస్తకాలు ఉండి ఉంటే వాటికీ దారి తెరిచే ఉంది.

ఇక ఆక్షేపణలు. మొదటిది, మౌనం సాక్ష్యం కాదన్నది. ఎవరూ రాయలేదు కాబట్టి జరగలేదనడం తొందరపాటే. ఎవరి మౌనమైనా ఒకటే అయితే ఈ మాట ఒప్పుకునేవాణ్ని. ఇక్కడ మౌనంగా ఉన్నవాళ్లు ఎవరో చూడాలి. నికియు బిషప్ జాన్ 7వ శతాబ్దం చివర్లో, అంటే ఆక్రమణను చూసిన తరం ఇంకా బతికి ఉండగా, ఈ చరిత్ర రాశాడు. అరబ్బుల మీద అతనికి ప్రేమ లేదు. నికియు పట్టణంలో జరిగిన ఊచకోతను, పన్నుల భారాన్ని దాపరికం లేకుండా రాశాడు. అదే మనిషి, అమ్ర్ చర్చిల ఆస్తిని ముట్టుకోలేదని కూడా రాశాడు. గ్రంథదహనం ఊసు లేదు. అతని పుస్తకం మనకు మూలభాషలో దొరకదు. 1602లో అరబ్బీ నుంచి ఇథియోపియా గీజ్ భాషలోకి చేసిన అనువాదమే మిగిలింది, అందులో కొన్ని భాగాలు పోయాయి కూడా. అయినా అలెగ్జాండ్రియా లొంగుబాటు అధ్యాయాలు ఉన్నాయి. అలెగ్జాండ్రియా మతాధిపతిగా ఉండి 940లో చనిపోయిన యుటీకియస్, ఆ నగర విజయాన్ని వర్ణించాడు. అతనూ ఎత్తలేదు. తొలి ముస్లిం చరిత్రకారులైన ఇబ్న్ అబ్దుల్ హకమ్, బలాజురీ, తబరీ ఎవరూ ఎత్తలేదు. తెలిసే అవకాశం ఉండి, చెప్పడానికి కారణమూ ఉండి, ఒకరినొకరు మెచ్చని పక్షాలవాళ్లు అందరూ ఒకే విషయంలో మౌనంగా ఉంటే ఆ మౌనానికి బరువు ఉంటుంది.

రెండో ఆక్షేపణ, ముస్లిం చరిత్రకారులు తమకు మచ్చ తెచ్చే సంగతి దాచి ఉంటారన్నది. ఆ చరిత్రకారులు ఏం దాచలేదో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. 656లో మూడో ఖలీఫా ఉస్మాన్‌ను సొంత ప్రజలే ఇంట్లో చంపిన సంగతి, ప్రవక్త సహచరులు రెండుగా చీలి కత్తులు దూసుకున్న సంగతి, 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ వధ, 683లో కాబా మీద రాళ్లు విసిరిన సంగతి అన్నీ తబరీ పుటల్లో పరస్పర విరుద్ధ కథనాలతో సహా ఉన్నాయి. ఇంతటివి రాసినవాళ్లకు గ్రీకు పుస్తకాల మంట దాచుకోవలసినంత రహస్యం కాదు. పైగా జాన్, యుటీకియస్ ముస్లింలు కారు.

మూడో ఆక్షేపణ దీనికి ఎదురు కొస నుంచి వస్తుంది. ఈ కథను మొదట రాసింది ముస్లింలే కదా, తమకు అపఖ్యాతి తెచ్చే కథను ఎవరైనా కల్పించుకుంటారా అన్నది. ప్రశ్న బలమైనదే. కానీ నేటి కళ్లకు అపఖ్యాతిగా కనిపించేది 1200 నాటి చాలామంది శ్రోతలకు అలా కనిపించనక్కర్లేదు. దైవగ్రంథం మీద ఖలీఫాకున్న అచంచల విశ్వాసాన్ని చూపే కథగానూ అది చలామణి కాగలదు. 1171లో ఫాతిమీ వంశాన్ని తొలగించిన సలాహుద్దీన్ కాలంలో కైరోలోని వాళ్ల గొప్ప గ్రంథభాండాగారం అమ్ముడుపోయి చెల్లాచెదురైంది. ఆ పనికి పాత ఉదాహరణ కావలసి వచ్చి ఈ కథ ప్రచారంలోకి వచ్చి ఉండవచ్చని చరిత్రకారుడు బెర్నార్డ్ లూయిస్ ఊహించాడు. అది ఊహే. నా వాదం దాని మీద ఆధారపడదు. ఒక కథ ఎందుకు పుట్టిందో చెప్పలేకపోయినా, ఎప్పుడు పుట్టిందో చెప్పగలిగితే చాలు. మహానగరంలో శిథిలాలు మిగిలి, ఒకప్పుడు లక్షల పుస్తకాలు ఉండేవన్న జ్ఞాపకమూ మిగిలినప్పుడు, అవి ఏమయ్యాయి అన్న ప్రశ్నకు జనం ఒక జవాబు అల్లుకోవడం ఏ దేశంలోనైనా జరిగేదే.

నాలుగోది, ఉమర్ స్వభావానికి ఈ జవాబు సరిపోతుంది కదా అన్నది. పూర్వపు మతగ్రంథాల మీద మనసు పెట్టవద్దని ఆయన మందలించినట్టు ఉల్లేఖనాలు ఉన్నమాట నిజం. అయితే స్వభావానికి సరిపోవడం ఒక మాటను నమ్మదగినదిగా కనిపింపజేస్తుంది గాని, జరిగిందని రుజువు చేయదు. కల్పించేవాడు కూడా ఆ మనిషి స్వభావానికి తగ్గట్టే కల్పిస్తాడు. పైగా ఈ జవాబు అలెగ్జాండ్రియాకే కట్టుబడి లేదు. 1377లో చరిత్రకు ఉపోద్ఘాతం రాసిన ఇబ్న్ ఖల్దూన్, పర్షియా విజయంలో సఅద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్‌కు ఎన్నో పుస్తకాలు దొరికితే, ఉమర్ దాదాపు ఇదే తర్కంతో వాటిని నీళ్లలో పారేయమన్నారని చెప్పాడు. ఒకే జవాబు, ఇద్దరు సేనాపతులు, రెండు దేశాలు, ఒకచోట నిప్పు, ఇంకోచోట నీరు. అలా ఊళ్లు మార్చుకుంటూ తిరిగే మాట ఏ ఒక్క ఊరి చరిత్రకూ ఆధారం కాలేదు. అదే ఉపోద్ఘాతం మొదట్లో, సైన్యాల సంఖ్యల వంటి కథనాలను సమాజపు స్వభావంతో పోల్చి చూడకుండా నమ్మవద్దని ఇబ్న్ ఖల్దూన్ అద్భుతంగా హెచ్చరించాడు. అంతటివాడు కూడా ఈ కథ దగ్గర తన కొలత వాడలేదు. పెద్దవాళ్లు చెప్పారన్నది ఎందుకు చాలదో దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు రెండో సగం. 638 ప్రాంతంలో జెరూసలేం లొంగినప్పుడు, ప్రార్థన వేళ అయితే అక్కడి పునరుత్థాన చర్చిలోనే ప్రార్థించమని మతాధిపతి సొఫ్రోనియస్ ఉమర్‌ను ఆహ్వానించాడని, నేను ఇక్కడ ప్రార్థిస్తే రేపు ముస్లింలు దీన్ని మసీదు చేసుకుంటారని ఆయన నిరాకరించి బయట మెట్ల మీద ప్రార్థించారని ఒక అందమైన కథ ఉంది. మత సామరస్యం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎందరో చెబుతారు. దీనికి మనకు దొరికే మొదటి ఆధారం యుటీకియస్సే, అంటే సంఘటనకు మూడు వందల ఏళ్ల తర్వాతి రచన. ఆ మెట్ల దగ్గర ముస్లింలు గుమిగూడి ప్రార్థించకూడదని ఉమర్ పత్రం కూడా ఇచ్చారని, తన కాలంలో ముస్లింలు దాన్ని ఉల్లంఘించి అక్కడ మసీదు కట్టారని అతనే ఫిర్యాదు చేస్తున్నాడు. అంటే తన చర్చి హక్కును కాపాడుకోవడానికి ఆ కథ అతనికి అవసరం. గ్రంథదహనం కథను తిరస్కరించడానికి ఏ కొలత వాడామో అదే కొలతతో చూస్తే ఈ కథ కూడా సందేహాస్పదమే. మూడు వందల ఏళ్ల ఎడం అయిదున్నర వందల కంటే తక్కువ కాబట్టి, మనుషుల తేదీలు సరిపోతాయి కాబట్టి, ఇది అంత బలహీనం కాదు. రుజువైన చరిత్ర మాత్రం కాదు. మొదటి కథను కాదని రెండోదాన్ని అవునని గట్టిగా చెప్పేవాళ్లు చరిత్రను కాక తమ ఇష్టాన్ని చెబుతున్నట్టు. ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్ల సంగతీ అంతే.

ఈ కథను శంకించినవాళ్ల వరుస కూడా చెప్పుకోదగినది. 1713లో ఫ్రెంచి పండితుడు రెనోడో అలెగ్జాండ్రియా మతాధిపతుల చరిత్ర రాస్తూ దీన్ని అనుమానించాడు. 1788లో రోమన్ సామ్రాజ్య పతనం మీద రాసిన గ్రంథంలో గిబ్బన్ దీన్ని నమ్మడానికి నిరాకరించాడు. 19వ శతాబ్దం చివర్లో షిబ్లీ నుమానీ ఈ విషయం మీద ఉర్దూలో ప్రత్యేక వ్యాసం రాసి ఖండించాడు. ఉమర్ జీవితచరిత్ర ‘అల్ ఫారూఖ్’ రాసిన ఈ పండితుడు 20వ శతాబ్దం మొదటి ఏళ్లలో మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వ విద్యావిభాగంలో పనిచేశాడు. 1902లో ఆల్ఫ్రెడ్ బట్లర్ ఈజిప్టు విజయం మీద రాసిన పుస్తకంలో ఆధారాలన్నింటినీ ఒకచోట పేర్చి ఈ కథ నిలబడదని తేల్చాడు. షిబ్లీకి ఉమర్ మీద భక్తి ఉంది. గిబ్బన్‌కు ఏ మతం మీదా భక్తి లేదు. బట్లర్ కాప్టిక్ క్రైస్తవుల చర్చిలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసినవాడు. ఇంత వేర్వేరు మొగ్గులున్నవాళ్లు ఒకే చోటికి చేరారంటే వాళ్లను అక్కడికి తెచ్చింది ఆధారాలే అనుకోవాలి.

కాబట్టి నా తీర్పు ఇది. అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఉమర్ ఆజ్ఞతో తగలబెట్టారన్న కథనం చరిత్రగా చెప్పదగినది కాదు. ఆలస్యంగా పుట్టింది, ఆధారం చెప్పదు, ప్రధాన పాత్ర కాలానికి సరిపోదు, తెలిసి ఉండవలసినవాళ్లెవరూ చెప్పలేదు, అందులోని ముఖ్యమైన మాట వేరే దేశం కథలోనూ ఉంది. ఇందులో ఏ ఒక్కటి విడిగా ఉన్నా సందేహం మిగిలేది. అన్నీ కలిసినప్పుడు మిగలదు. ఈ తీర్పు అరబ్బుల విజయాన్ని నిర్దోషిగా చేయదు. నికియులో ప్రాణాలు పోయాయి, ఈజిప్టు రైతు మీద పన్ను పడింది, వాటికి దగ్గరి కాలపు సాక్ష్యం ఉంది. వాటిని చెప్పాల్సిందే. రుజువున్న నేరాన్ని చెప్పడానికీ, రుజువు లేని నేరాన్ని వదిలేయడానికీ కావలసిన నిజాయితీ ఒకటే. పాఠకులకు నా విన్నపం కూడా ఇంతే. ఏ మతం మీదైనా, ఏ రాజు మీదైనా ఒక పాత కథ మీ చేతికి వస్తే, అది మీ మనసుకు నచ్చినా నచ్చకపోయినా, మొదట చెప్పింది ఎవరు, ఎప్పుడు అని అడిగాకే ఇంకొకరికి చెప్పండి.

వచ్చే భాగంలో: 645లో బైజాంటియం నౌకాదళం అలెగ్జాండ్రియాను తిరిగి పట్టుకోవడం, మరుసటి ఏడు అమ్ర్ దాన్ని రెండోసారి గెలవడం.